హస్బెండ్ అను మాట

మొన్న మా అమ్మాయిని వెంటబెట్టుకొని బజారునుండి వచ్చుచుండగా, పశువుల ఆసుపత్రి గోడమీది ఇంగ్లీషు బోర్డును చదివి అది ఫక్కున నవ్వెను. "నాన్నా, పశువులకు కూడా హస్బెండులుంటారా?" అని యడిగెను. ఏనిమల్ హస్బెండ్రీ యనగా పశుపోషణమని చెప్పితిని. "అయితే హస్బెండంటే పోషించేవాడా?" అవునంటిని. "మరి మన ఇంట్లో అందరినీ చూసేది అమ్మ కదా!" అని, నా యుత్తరమునకు వేచియుండక ముందునకు పరుగెత్తెను.

పిల్ల పోయినది గాని ప్రశ్న పోలేదు. ఇంటికి వచ్చి నిఘంటువు తెరచితిని. ఈ మాట పుట్టుకచేత ఇంగ్లీషుది కాదు. సుమారు వేయి సంవత్సరముల క్రిందట స్కాండినేవియానుండి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారు దానిని తెచ్చిరి. వారి భాషలో హూస్ అనగా ఇల్లు. బోండి యనగా తన భూమిపై నివసించి సాగుచేసికొను స్వతంత్రుడైన రైతు. రెండును కలిసి ఇంటి యజమానుడని యర్థమిచ్చెను. అందు భార్య ప్రసక్తియే లేదు. పెండ్లియాడిన పురుషుడను నర్థము 13వ శతాబ్దమున వచ్చి చేరినది.

తక్కిన యర్థములును చూడదగినవి. హస్బెండ్‌మన్ అనగా సేద్యగాడు. హస్బెండ్రీ యనగా సేద్యము, పొదుపు. అదే మాట క్రియయైనపుడు, ఉన్నదానిని వృథాచేయక జాగ్రత్తగా వాడుకొనుట యని యర్థము. ఓడ రేవులో నున్నపుడు దాని మరమ్మతులు, సరుకులు, సామగ్రి కనిపెట్టి చూచు గుమాస్తాకు ఓడ హస్బెండని పేరు. మొదట ఆ మాటలో యజమానత్వమును, పాలనమును రెండును ఉండెను. పొలమునకు, పశువునకు, ఓడకు పాలనము దక్కినది. ఇంటిలో మాత్రము యజమానత్వమే మిగిలినది.

దాని బంధువుల చరిత్ర మరింత విచారకరము. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఆ స్వతంత్రుడైన బోండి క్రమముగా దొరల భూమికి కట్టుబడిన దాసుడయ్యెను. దాస్యమను నర్థముగల బాండేజి యను మాట అతని పేరునుండియే పుట్టినది. ఇక హౌస్‌వైఫ్, అనగా ఇల్లాలు. ఆ మాటయే నోళ్లలో నలిగి హస్సీ యయ్యెను. తుదకు సిగ్గులేని ఆడుదానిని తిట్టు తిట్టుగా దిగజారెను. బలము పోయినవారి పేళ్లకు గౌరవము నిలువదు కాబోలు.

పరుల భాషను చూచి మనము నవ్వనక్కరలేదు. భర్త, భార్య యను మన మాటలు రెండును భరించుట యను నొక్క ధాతువునుండి వచ్చినవే. భరించువాడు భర్త, భరింపబడవలసినది భార్య. ఈ వ్యుత్పత్తిని నేను చిన్నతనమున చదివి, నిజమని నమ్మి, దానిపైననే సంసారము చేసితిని.

పదునైదేండ్ల క్రిందట నా యుద్యోగము పోయి ఆరు మాసములు ఇంట కూర్చుంటిని. బియ్యమెట్లు వచ్చుచున్నవో, పాలవాని బాకీ యెట్లు తీరుచున్నదో నేనడుగలేదు. పులుసులో ఉప్పు తక్కువైననాడు మాత్రము నేను యజమానుడనని జ్ఞాపకము చేయుచుంటిని. నా భార్య చేతి గాజులు లేవని గమనించినది మరల ఉద్యోగము దొరకిన తరువాతనే. ఆ ఆరు మాసములు హస్బెండ్ అను క్రియను జరిపినది ఆమె. ఆ నామమును అనుభవించినది నేను.

ఆ రాత్రి ఖర్చుల పుస్తకము తెమ్మని ఆమె నడిగితిని. "ఇన్నేళ్లకు ఎందుకండీ?" అని ఆశ్చర్యపడుచునే తెచ్చి యిచ్చెను. నాలుగు పుటలు తిప్పితిని. ఆమె నవ్వుచు, "కందిపప్పు కిలో ఎంతో చెప్పండి, చూద్దాం" అనెను. చెప్పలేకపోయితిని.

మరునాటినుండి సంచి పట్టుకొని బజారునకు నేనే పోవుచున్నాను. ఇది గొప్పగా చెప్పుకొనవలసిన పని కాదు. అమ్మాయికి నేనీయవలసిన యుత్తరము ఇంకను బాకీయే యున్నది.