హెచ్‌పీ సరే, ఆపేదెట్లా?

మా చిన్నాయన కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "అనా, ట్రాక్టర్ తీసుకుంటాండా. 45 తీసుకునేదా, 55 తీసుకునేదా?" మాది బేతంచెర్ల పక్కన పల్లె. అప్పట్లో కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. నేలలో నాపరాయి తప్ప ఇంకేం పండదు :-) వాడు గనుల నుంచి పాలిష్ ఫ్యాక్టరీలకు బండలు తోలతాడు. డౌన్ పేమెంట్ నాది కాబట్టి సలహా కూడా నాదే అన్నమాట.

మన జాతి లక్షణం ప్రకారం వెంటనే ఎక్సెల్ తెరిచాను. ఘనపుటడుగు నాపరాయి సుమారు 73 కిలోలు. అంగుళం మందం బండలు వంద చదరపు అడుగులంటే 600 కిలోల పైమాటే. మావాడు ట్రాలీకి వెయ్యి అడుగులు వేస్తాడు, అంటే 6 టన్నులు. ట్రాలీ ఒకటిన్నర, ఇంజను రెండు. మొత్తం తొమ్మిదిన్నర టన్నులు!

గని లోంచి పైకొచ్చే దారి పదడుగులకు అడుగు ఎత్తు ఉందనుకుందాం. ఆ ఏటవాలుకే 950 కిలోల లాగుడు కావాలి. ఇంజను బరువులో వెనక చక్రాల మీద పడేది 1300 కిలోలు. మట్టిలో పట్టు అందులో సగం, 650. అంటే 55 కాదు, 75 హెచ్‌పీ పెట్టినా చక్రాలు అక్కడే తిరుగుతాయి. లాగేది హెచ్‌పీ ఒక్కటే కాదు, బరువు కూడా. టైర్లలో నీళ్ళు నింపేది అందుకే.

డల్లాస్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒకాయన పికప్ ట్రక్కుకి ఇల్లంత ఫిఫ్త్ వీల్ ట్రైలర్ తగిలించుకుని తిరిగేవాడు. ట్రైలర్ బరువులో అయిదో వంతు దాకా ట్రక్కు మీదే కూర్చుంటుందని, ఇంజను కంటే ముందు ఆ బరువు మోయగలదా అని చూడాలని చెప్పేవాడు. అక్కడ ఆ బరువు సరిగ్గా వెనక ఇరుసు మీద పడుతుంది. మన ట్రాక్టర్‌కి కొక్కెం ఇరుసు వెనకాల ఉంటుంది. రెండు చక్రాల ట్రాలీలో వెనక్కి పట్టు పెరుగుతుంది కానీ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. నాలుగు చక్రాల ట్రాలీ ఇంజను మీద బరువు వెయ్యదు, దిగుడులో మాత్రం మొత్తం లోడు వెనకనుంచి తోస్తుంది. మా వైపు చాలా ట్రాలీలకి బ్రేకులే ఉండవు.

ఇదంతా చెప్తే మావాడు ఒక్క ముక్క అన్నాడు. "అనా, లెక్క బాగుండాది. కానీ ట్రిప్పుకింత అని ఇస్తారు. సగం లోడు తోల్తే కంతు నువ్వు కడతావా?" నా దగ్గర సమాధానం లేదు.

అప్పుడు చిన్నాయన ఫోన్ తీసుకున్నాడు. 1998లో ట్రాలీ బోల్తా పడి ఆయన కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతాడు. బ్రేకులు ఫెయిలయ్యాయనే ఇంట్లో అందరం అనుకుంటూ వచ్చాం.

"బ్రేకులు బాగనే ఉన్న్యాయి రా. డీజిలు మిగుల్తాదని దిగుడులో న్యూట్రల్ ఏస్తిని. ట్రాలీ తోసుకొచ్చ. బ్రేకు తొక్కితే ఒక పెడలే పడె."

తెలియనివాళ్ళ కోసం.. ట్రాక్టర్‌కి కుడి, ఎడమ చక్రాలకి వేర్వేరు బ్రేకు పెడల్స్ ఉంటాయి, పొలంలో మలుపు తిప్పడానికి. రోడ్డెక్కే ముందు రెంటినీ కలిపి లాక్ వెయ్యాలి. ఒక్కటే తొక్కితే బండి పక్కకు తిరుగుతుంది. వెనక ట్రాలీ మాత్రం నేరుగా వస్తుంది.

ఇరవై ఏళ్ళకు పైగా ఆయన ఈ మాట ఎవరికీ చెప్పలేదు. కొడుకు కొంటున్నాడని చెప్పాడు.

చివరికి 50 హెచ్‌పీలో బరువున్న బండి, ఆయిల్ బ్రేకులు, బ్రేకులున్న ట్రాలీ తీసుకున్నాం. ట్రాలీకి ఎక్కువైంది నేను పెట్టుకున్నా. ఎక్కిన గేర్‌లోనే దిగాలని ఒట్టు వేయించుకున్నాడు చిన్నాయన. నిన్న మావాడు వాట్సాప్‌లో ఫోటో పంపాడు. దండేసిన బండి కాదు, లాక్ వేసిన రెండు పెడల్స్.

లోడు ఎంత వేస్తున్నాడో నేను అడగలేదు. అడిగితే కంతు సంగతి వస్తుంది కదా.. అయినా అడగాలి. మీ ఊళ్ళో ఎవరైనా బండి కొంటుంటే మీరు కూడా హెచ్‌పీ సంగతి తరవాత, ముందు ఆపేదెట్లాగో అడగండి.