చీజ్ అనమన్నవాడు

మా అమ్మాయి రెండో క్లాసు. వాళ్ళ స్కూల్లో గిఫ్టెడ్ ప్రోగ్రామ్ అని ఒకటుంది. క్లాసులో అందరికీ పరీక్ష పెడతారు. ఫలానా పర్సెంటైల్ దాటిన పిల్లల్ని వారంలో కొన్ని గంటలు వేరే గదికి తీసుకెళ్ళి వేరే పాఠాలు చెప్తారు. మా అమ్మాయి దాటలేదు. ఆ సంగతి చెప్తూ ఇంటికి ఉత్తరం వచ్చింది. మర్యాదగానే రాశారు, ప్రతి బిడ్డా ప్రత్యేకమేనని. కింద ఒక ఫారం. మళ్ళీ పరీక్ష రాయించాలనుకుంటే నింపి వచ్చే శుక్రవారంలోపు పంపాలి.

ఉత్తరం గురువారం వచ్చింది. శనివారం సాయంత్రం నేనొక నాటకానికి వెళ్ళాలి. జీనియస్‌ల మీద కామెడీ. టికెట్లు రెండు కొన్నాం గానీ మా ఆవిడ రానంది. "నువ్వెళ్ళు. నాకిప్పుడు మేధావుల్ని చూసే ఓపిక లేదు," అంది. నాకూ లేదు. కానీ పోయిన వేసవిలో మా టీమ్‌లో ఇంటర్న్‌గా చేసిన కుర్రాడు అందులో వేషం వేస్తున్నాడు, తప్పకుండా రమ్మని మెసేజ్ పెట్టాడు. అందుకని వెళ్ళాను.

ఒహాయోలో మేముండే ఊరి యూనివర్సిటీ థియేటర్ అది. థియేటర్ అంటే పెద్దగా ఊహించుకోకండి. నల్ల గోడల గది, మూడు వైపులా కుర్చీలు, మధ్యలో ఒక బార్ కౌంటరు. నాది నాలుగో వరస.

నాటకం పేరు 'పికాసో ఎట్ ద లాపాన్ అజీల్'. రాసింది స్టీవ్ మార్టిన్. అవును, సినిమాల స్టీవ్ మార్టినే. 1993లో షికాగోలోని స్టెపెన్‌వుల్ఫ్ థియేటర్‌లో మొదటిసారి ఆడారు. లాపాన్ అజీల్ నిజంగా ఉన్న చోటు, పారిస్‌లో మోన్‌మార్త్ గుట్ట మీద. ఆంద్రే జిల్ అనే కార్టూనిస్టు దాని బోర్డు మీద గిన్నెలోంచి గెంతుతున్న కుందేలు బొమ్మ వేశాడు. 'జిల్ గారి కుందేలు' అన్న మాట జనం నోట్లో నలిగి 'చురుకైన కుందేలు' అయింది. ఫ్రెంచ్‌లో రెండూ ఒకేలా వినపడతాయి.

కథాకాలం 1904 అక్టోబర్. ఇరవై అయిదేళ్ళ ఐన్‌స్టీన్, ఇంకా ఇరవై మూడు నిండని పికాసో ఈ బార్‌లో కలుసుకుంటారు. నిజంగా కలవలేదు, ఇది మార్టిన్ కల్పన. ఇంకో ఏడాదిలో ఒకడు ప్రత్యేక సాపేక్ష సిద్ధాంతం రాస్తాడు. ఇంకో మూడేళ్ళలో రెండోవాడు 'అవిన్యోన్ యువతులు' బొమ్మ వేస్తాడు. ఇవి మనకి తెలుసు, బార్‌లో వాళ్ళకి తెలీదు. నాటకంలో నవ్వంతా ఈ తేడాలోంచే పుడుతుంది.

తర్కాన్ని తర్కంతోనే పడగొట్టే నవ్వు అది. ఐన్‌స్టీన్ ఒకామెని ఇంకో బార్‌లో కలుస్తానని చెప్పి ఇక్కడికొస్తాడు. అదేమంటే, ఆమె ఇక్కడికే వచ్చే అవకాశం ఎంతుందో లెక్క చెప్తాడు. అంతకన్నా ముందు, అతను లోపలికి రాగానే బార్ యజమాని ఫ్రెడీ ఆపుతాడు. నీ వంతు ఇంకా రాలేదంటాడు. సాక్ష్యం కోసం ప్రేక్షకుల్లో ఒకరి చేతిలోని కరపత్రం లాక్కుని, పాత్రలు వచ్చే వరస చూపిస్తాడు. ఐన్‌స్టీన్ నోరు మూసుకుని బయటికెళ్ళిపోతాడు. మా షోలో ఆ కరపత్రం నా ముందు వరసలోని పెద్దాయనది. తిరిగిస్తారేమోనని ఆయన చాలాసేపు చెయ్యి చాపి కూర్చున్నాడు. అదీ కామెడీలో భాగమే అయింది.

వరస, వంతు. నేను గట్టిగానే నవ్వాను గానీ, గురువారం ఉత్తరం గుర్తొచ్చి నవ్వు మధ్యలో ఆగింది.

మా ఇంటర్న్ వేసింది ష్మెండిమన్ పాత్ర. మూడో జీనియస్‌ని నేనేనంటూ బార్‌లోకి దూసుకొచ్చే మనిషి. ఇతనొక కొత్త కట్టడపు పదార్థం కనిపెట్టాడు. ఆస్బెస్టాస్, పిల్లికూనల పాదాలు, రేడియం సమపాళ్ళలో కలపాలట. ఆ వచ్చిన పదార్థం వంగదు, ఊరికే పెళుసుగా విరిగిపోతుంది. దీంతో ఈ శతాబ్దం మారిపోతుందని అతని నమ్మకం.

ష్మెండిమన్‌ని చూడగానే గిరీశం గుర్తొచ్చాడు. కాసేపటికి తేడా తెలిసింది. గిరీశానికి తను కోతలు కోస్తున్నానని తెలుసు. లోపల లెక్క వేసుకునే మాట్లాడతాడు. ష్మెండిమన్‌కి తెలీదు. అతను నిజంగానే నమ్ముతున్నాడు. ఆ రాత్రి నన్ను ఇబ్బంది పెట్టింది ఇదే. ఆ బార్‌లో ఐన్‌స్టీన్‌కి ఎంత నమ్మకముందో ష్మెండిమన్‌కీ అంతే ఉంది, ఒక పిసరు ఎక్కువే ఉంది. లోపల్నుంచి చూస్తే ఇద్దరికీ ఒకేలా ఉంటుంది. తేడా చెప్పాల్సింది కాలం, బయట్నుంచి. 1904లో ఆ ముగ్గురికీ పరీక్ష పెట్టి పర్సెంటైల్ ఇచ్చుంటే ఏమొచ్చేదో మరి.

అసలు 1904 అక్టోబర్‌లో నిజం ఐన్‌స్టీన్ ఎక్కడున్నాడు? పారిస్‌లో కాదు, బెర్న్‌లో. పేటెంట్ ఆఫీసులో మూడో తరగతి సాంకేతిక నిపుణుడు. పరీక్ష మీద తీసుకున్న ఉద్యోగం అప్పుడే, ఆ సెప్టెంబర్‌లోనే పర్మనెంట్ అయింది. ఇంట్లో అయిదు నెలల కొడుకు. నాటకంలో ఆడవాళ్ళు చుట్టూ తిరిగే ఐన్‌స్టీన్ కనిపిస్తాడు గానీ ఈ పిల్లాడు కనిపించడు. పిల్లాడి తల్లి మిలేవా మారిచ్ కూడా కనిపించదు. ఆమె ఐన్‌స్టీన్‌తో పాటు జూరిక్ పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చదివింది. చివరి పరీక్ష రెండుసార్లు తప్పింది. ఇద్దరిలో ఒకరి దారి ఆ పరీక్ష దగ్గరే ఆగిపోయింది. నేను నాలుగో వరసలో కూర్చుని ఇదంతా ఆలోచిస్తున్న టైములో మా ఆవిడ ఇంట్లో పాపకి అన్నం పెడుతోంది. ఈ మాట రాయకపోతే వ్యాసం అబద్ధమవుతుంది.

మార్టిన్‌కి ఈ విషయం పట్టలేదని అనను. బార్‌కి సుజాన్ అనే అమ్మాయి వస్తుంది. పికాసో తనతో గడిపిన సంగతీ, ఇచ్చిన బొమ్మ సంగతీ అందరికీ గర్వంగా చెప్తుంది. పికాసో వచ్చి ఆమెని గుర్తుపట్టడు. అప్పటిదాకా నవ్విన హాలు ఒక్క క్షణం చప్పబడిపోయింది. సుజాన్ వేసిన అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. చేతిలో గ్లాసుని కౌంటర్ మీద కొంచెం దూరంగా జరిపింది, అంతే. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. ఆ జరపడం ఎవరు నేర్పారో!

పికాసో వేసిన కుర్రాడు మాత్రం మొదటి నుంచీ చివరిదాకా ఒకే స్థాయిలో అరిచాడు. జీనియస్ అంటే గొంతు పెద్దదై ఉండాలనుకున్నట్టున్నాడు. ఇద్దరూ పెన్సిళ్ళతో కౌబాయ్‌ల లాగా తలపడే సీన్‌లో ఆ అరుపు సరిపోయింది. కానీ ఆ తర్వాత, వయసులో ఉన్న ఇద్దరు కుర్రాళ్ళు తమకేదో పట్టుబడబోతోందని మెల్లగా ఒప్పుకునే చోట గొంతు దిగాలి. దిగలేదు.

ఇంటర్వెల్ లేదు. ఉంటే బావుణ్ణనిపించింది. ఎందుకంటే నాకు ట్రంకుపెట్టె గుర్తొచ్చింది.

ఎంసెట్‌కి చదివేటప్పుడు విజయవాడ పక్కన ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఉండేవాణ్ణి. పేరెందుకులెండి. వారం వారం పరీక్షలు, గోడ మీద ర్యాంకులు. ర్యాంకుని బట్టి సెక్షన్, సెక్షన్‌ని బట్టి హాస్టల్ బ్లాక్. ఇంటర్ సెకండియర్‌లో దసరా సెలవులయ్యాక నన్ను పై సెక్షన్ నుంచి దించేశారు. ట్రంకుపెట్టె మోసుకుంటూ గ్రౌండ్‌కి అటువైపున్న బ్లాక్‌కి నడిచాను. అప్పుడు ఫోన్‌లో చెప్పే ధైర్యం రాలేదు. ఆదివారం నాన్న జంతికల డబ్బా పట్టుకుని పాత బ్లాక్‌కే వెళ్ళాడు. అక్కడెవరో కుర్రాడు చెప్తే గ్రౌండ్ దాటి వచ్చాడు. ఏమీ అడగలేదు. "ఎండగా ఉందిరా," అన్నాడు. డబ్బా ఇచ్చాడు.

నేనేమీ పాడైపోలేదు. ఇంజినీరింగ్ అయింది, ఉద్యోగం వచ్చింది, ఈ దేశం వచ్చాను. కానీ ఎవరైనా నా పని బావుందంటే ఇప్పటికీ అది పొరపాటేమో, లిస్టు మళ్ళీ సరిచూస్తారేమోనని ఉంటుంది. గురువారం నాన్న వీడియో కాల్‌లో "పాప రిజల్ట్ ఏమైందిరా?" అనడిగాడు. రాలేదని చెప్పాను. కాసేపాగి, "మళ్ళీ రాయించొచ్చేమో కనుక్కో," అన్నాడు. ఆయన గొంతులో గ్రౌండ్ దాటిన ఆ నడకే వినిపించింది.

నాటకం చివర్లో భవిష్యత్తులోంచి ఒక మనిషి దిగుతాడు. నీలం బూట్లు, పైకి దువ్విన జుట్టు. పేరు చెప్పరు గానీ ఎల్విస్ ప్రెస్లీ అని అందరికీ తెలుస్తుంది. సిద్ధాంతాలూ వాదనలూ లేకుండా పాటతో శతాబ్దాన్ని పట్టుకున్నవాడు. అతని రాకతో బార్ గోడ మీదున్న గొర్రెల బొమ్మ పికాసో కళ్ళ ముందే అవిన్యోన్ యువతులుగా మారుతుంది. ఇక్కడ స్టేజీ మీద ఆకాశం నిండా నక్షత్రాలు మెరవాలి. మావాళ్ళు నల్ల తెర మీద క్రిస్మస్ లైట్లు కట్టారు. ఒక తీగ వెలగలేదు. కుడివైపు ఆకాశం చీకటిగానే ఉండిపోయింది, దాని కింద నిలబడ్డ పిల్లలు పైకి చూసి ఆశ్చర్యపోతూనే ఉన్నారు.

ఈ నాటకానికీ యూనివర్సిటీ వేదికకీ పాత బంధం ఒకటుంది. 2009లో ఆరెగాన్ రాష్ట్రంలో లా గ్రాండ్ అనే చిన్న ఊళ్ళో హైస్కూలు పిల్లలు దీన్ని వేయబోతే, తాగుడూ శృంగారం మాటలూ ఉన్నాయని తల్లిదండ్రులు కొందరు అడ్డుపడ్డారు. స్కూలు వాళ్ళు ఆపేశారు. స్టీవ్ మార్టిన్ ఆ ఊరి పత్రికకి ఉత్తరం రాసి, బయట వేసుకోండి, ఖర్చు నేను పెట్టుకుంటానన్నాడు. పిల్లలు దాన్ని అదే ఊరి యూనివర్సిటీ థియేటర్‌లో వేశారు. ఆ పిల్లల్లో ఎంతమంది నటులయ్యారని ఎవరూ లెక్క అడగరు. అడగకపోవడమే నాకు నచ్చింది. ఈ నాటకం బ్రాడ్వే తారలకన్నా ఇలాంటి పిల్లలకే సరిపోతుంది. ఐన్‌స్టీన్ వేసినవాడు ఐన్‌స్టీన్ కాడు, కాబోడు. సోమవారం వాడికి మిడ్‌టర్మ్ ఉండొచ్చు. అయినా తొంభై నిమిషాలు మనందరి ముందూ నిలబడి కాంతి గురించి మాట్లాడతాడు.

ఇక ష్మెండిమన్. అతని పదార్థం దేనికీ పనికిరాదు. కానీ బార్‌లో అందరూ కలిసి ఫొటో దిగే సందర్భం ఒకటుంది. అప్పుడతను లోకానికి ఒకే ఒక్క సంగతి ఇచ్చిపోతాడు. ఫొటో తీసేటప్పుడు 'చీజ్' అనమనడం. మార్టిన్ దాన్ని వెక్కిరింపుగానే రాశాడు, హాలంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత లెక్క వేసుకున్నాను. ఆ గదిలో సాపేక్ష సిద్ధాంతాన్ని సరిగ్గా వివరించగలిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారేమో. చీజ్ అనని మనిషి ఒక్కడూ ఉండడు.

మా ఇంటర్న్ ఆఫీసుకొచ్చిన మొదటివారంలోనే కోడ్ మొత్తం తిరగరాయాలన్నాడు. మేం చాటుగా నవ్వుకున్నాం. వాడు రాసిందేదీ చివరికి ప్రొడక్షన్‌కి వెళ్ళలేదు, ఒక్కటి తప్ప. సిస్టమ్ ఆగిపోతే తెర మీద ఒక అంకె మాత్రం వచ్చేది. వాడు దాన్ని తీసి, 'పొరపాటు మాదే, మీరు టైప్ చేసింది పోలేదు' అనే అర్థం వచ్చే వాక్యం పెట్టాడు. అది ఇప్పటికీ ఉంది. షో అయ్యాక బయట నిలబడి ఆ మాట చెప్తే, "అదింకా తీసెయ్యలేదా!" అని ఎగిరాడు. మొహానికి మేకప్ ఇంకా ఉంది.

ఆదివారం పొద్దున్న దోసెలు తింటూ పాప నాటకంలో ఏముందని అడిగింది. పిల్లలకి చెప్పగలిగింది వెతుక్కుని ష్మెండిమన్ గురించి చెప్పాను. ఆస్బెస్టాస్, రేడియం వదిలేసి, పిల్లికూనల పాదాల దాకా వచ్చాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దోసె ముక్క పక్కన పెట్టి, "మరి ఆ పిల్లికూనలు ఎలా నడుస్తాయి నాన్నా?" అంది.

మూడొందల మంది నవ్వి ఉంటారు ఆ మూడు రోజుల షోల్లో కలిపి. ఈ ప్రశ్న ఎవరికీ తట్టి ఉండదు. నాకు తట్టలేదు. నాటకంలో అదంతా ఉత్తుత్తిదేనని చెప్పాను. "ఐనా కూడా," అంది.

దీన్ని బట్టి నా కూతురు మేధావి అని నేనిక్కడ తేల్చేస్తే, ఆ ఉత్తరం రాసినవాళ్ళకీ నాకూ తేడా ఉండదు. ఏడేళ్ళ పిల్ల, పిల్లులంటే ఇష్టం, అడిగింది. అంతవరకే.

ఫారం ఫ్రిజ్ మీద మాగ్నెట్ కింద ఉంది. చింపెయ్యలేదు. చింపేశానని రాస్తే బావుండేది. ఆవిడా నేనూ దాని ముందు నుంచి రోజూ పాల కోసం వెళ్తున్నాం, ఎవరూ ముట్టుకోవడం లేదు. దాని పక్కనే మొన్న స్కూల్లో తీసిన ఫొటో. ముందుపళ్ళు రెండూ లేకుండా, నోరంతా తెరిచి, చీజ్ అంటోంది.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులుంది.