బరువుగల బొమ్మ

జపానుదేశపు లోహపు రోబోటు బొమ్మ చేతికందగానే పిల్లవాడు దానిని అరచేతిలో నొకసారి ఎగరవేసి బరువు చూచుకొనును. ఆ బొమ్మయందలి ఆకర్షణకు మూలము ఆ బరువే.

ఆ దేశమున లోహపు బొమ్మలు చేయు విద్య క్రొత్తది కాదు. యుద్ధము ముగిసిన 1945లో, ఓట్సు పట్టణమున మత్సుజో కొసుగె అను బొమ్మకారుడు అమెరికా సైనికులు పారవేసిన డబ్బాల రేకును సాగగొట్టి, వారి జీపునే బొమ్మగా మలచెను. ఓడినవారి బిడ్డలు గెలిచినవారి బండితో ఆడుకొనిరి. పిమ్మట చాలకాలము రేకుబొమ్మలే రాజ్యమేలినవి. తరువాత వచ్చిన ప్లాస్టిక్కు వానికన్నను తేలిక.

1972లో గో నగాయ్ అను చిత్రకథకుడు ‘మాజింగర్ జెడ్’ను సృజించెను. ఆ యేడే అది టెలివిజనునకు నెక్కెను. కోజి అను బాలుడు తన చిన్నవిమానమును మహాయంత్రపు శిరస్సున దింపి, అందే కూర్చుండి దానిని నడపును. అంతకుముందు పేరొందిన కథలలో యంత్రమానవుడు తనంత తాను కదలెడువాడు, లేదా దూరమునుండి మీటలు నొక్కగా కదలెడువాడు. ఇచట పిల్లవాడే దానికి ప్రాణము. ఆ యంత్రము ఫ్యూజీ పర్వతపు ఖనిజమునుండి పుట్టిన ‘చోగోకిన్ జెడ్’తో నిర్మితమైనదట. చోగోకిన్ అనగా మహామిశ్రలోహము.

బందాయ్ సంస్థకు అనుబంధమైన పాపీవారు 1973లో ఈ వీరుని సుమారు 60 సెంటీమీటర్ల ప్లాస్టిక్కు బొమ్మగా అమ్మిరి. పెద్దదే గాని లోపల గుల్ల. 1974లో వారే దానిని అరచేతి కొలతకు దించి, లోహముతో పోతపోసి, కథలోని లోహము పేరే దానికి పెట్టిరి. చమత్కారమంతయు ఈ పేరు పెట్టుటలోనే యున్నది. నిజమునకు అది తుత్తునాగము ప్రధానమైన సామాన్య మిశ్రలోహము. నాలుగువందల డిగ్రీల ప్రాంతముననే కరగును గనుక ఉక్కుఅచ్చులలోనికి ఒత్తి నింపుట సులభము. సన్ననిగీతలు సైతము స్పష్టముగా దిగును. పాపీవారికది చౌకసరుకు. పిల్లవానికో, కథలో విన్న లోహము చల్లగా, బరువుగా చేతికి తగిలెను. కథ నిజమేనా యని అడుగు వయసున వానికి ఆ బరువే సాక్ష్యమయ్యెను. మీట నొక్కగా పిడికిలి బాణమువలె ఎగిరిపోవును (మంచముక్రింద దానిని వెదకుట పెద్దలవంతు).

1976 నాటి ‘కాంబాట్లర్ వి’లో ఐదు వాహనములు కూడి ఒక్క వీరుడగును, బొమ్మలును సరిగా అట్లే కూడినవి. కథకొరకు బొమ్మ పుట్టెనో, బొమ్మకొరకు కథ పుట్టెనో చెప్పుట అప్పటికే కష్టమయ్యెను. ఇదంతయు వట్టి వ్యాపారమని త్రోసివేయువారి మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను ఆ బాలుడు పొందిన నమ్మకము అంగడిలో కొన్నది కాదు.

1983లో పాపీని తనలో కలుపుకొనిన బందాయ్, 1997నుండి ‘సోల్ ఆఫ్ చోగోకిన్’ అను వరుసను పెద్దలకొరకు వెలువరించుచున్నది. కొనువారిలో ననేకులు నాటి బాలురే. రంగు రాలునను భయముతో కొందరు దానిని పెట్టెనుండియే తీయరు. పాతబొమ్మలలోను పెట్టె చెదరనిదానికే వెల హెచ్చు. ఆడిన బొమ్మకు మోకాళ్లవద్ద రంగు లేచిపోయి బూడిదవన్నె లోహము కనబడుచుండును. పిడికిలి యొకటి ఏనాడో పోయియుండును.