ఎవరు సర్దుకోవాలి?

అమ్మ నోటు పుస్తకాల్లో రాసుకున్న పదకొండు కథల్ని టైపు చేసి, ఇంటర్నెట్‌లో ఒక పేజీగా పెట్టాను. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకున్నవే. నా బల్ల మీది మానిటర్‌లో పేజీ ముచ్చటగా కనిపించింది. మొత్తం వెడల్పు 960 పిక్సెళ్ళు. ఎడమవైపు కథ, కుడివైపు 240 పిక్సెళ్ళ పట్టీలో అమ్మ ఫోటో, ఆవిడ గురించి నాలుగు మాటలు.

మొదటి పాఠకురాలు మా చెల్లెలు. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మంచం మీద వాలి ఫోన్లో తెరిచిందట. "అక్షరాలు చీమల్లా ఉన్నాయక్కా. పెద్దవి చేస్తే వరుస తెరలో పట్టదు. కుడికి లాగు, ఎడమకి లాగు... మొదటి కథ సగంలోనే మానేశాను" అంది. నాకు కోపం వచ్చింది. "కంప్యూటర్లో చూడవే!" అన్నాను.

"అది మీ మరిదిగారి ఆఫీసుది. నేను ముట్టుకోను."

ఆ మాట దగ్గర ఆగిపోయాను. 960 అన్నది నా గదీ, నా కుర్చీ, నా తీరికా కలిపి వేసుకున్న కొలత!

కొలతలన్నీ శాతాల్లోకి మార్చాను. 240ని 960తో భాగిస్తే 25 శాతం. ఫోటోకి గరిష్ఠ వెడల్పు 100 శాతమని రాస్తే ఉన్న చోటు దాటి పొడుచుకురాదు. ఫోన్ తన అసలు వెడల్పునే లెక్కలోకి తీసుకోవాలంటే పేజీ తలకట్టులో వ్యూపోర్ట్ వరుస ఒకటి రాయాలి. కిటికీని మౌస్‌తో లాగితే అన్నీ దానితోపాటే సన్నబడ్డాయి. మురిసిపోయాను.

కానీ 360 పిక్సెళ్ళ ఫోన్లో 25 శాతమంటే 90. అమ్మ పట్టీలో వరుసకి ఒక్క మాట. 'ఉపాధ్యాయురాలిగా' అన్న మాటైతే తెర అంచు దాటిపోయింది. సర్దుకోవడమంటే కుదించుకోవడమేనని నమ్మి రాసిన పేజీ అది. ఆడపిల్లగా నేర్చుకున్న పాఠం వేళ్ళలోంచి ఎక్కడికి పోతుంది?

దానికి జవాబు మీడియా క్వెరీ. తెర 600 పిక్సెళ్ళకన్నా సన్నగా ఉంటే పట్టీ కథ కిందికి దిగి, పూర్తి వెడల్పు తీసుకోవాలని రాశాను. కుదింపుకి ఒక హద్దుండాలి. అది దాటాక అమరికే మారాలి.

ఈ పద్ధతికి 2010లో 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టిన ఈథన్ మార్కాట్, ఆ మాటని భవన నిర్మాణం నించి తెచ్చుకున్నాడు. లోపల మసలే మనుషుల్ని బట్టి మారే గదులన్న ఊహ అది. చదవగానే మా వంటిల్లు గుర్తొచ్చింది. గ్యాస్ గట్టు మేస్త్రీ తన అంచనాకి కట్టాడు. అమ్మ ఇరవై ఏళ్ళు పీట మీద నిలబడి వండింది. గట్టు ఎత్తని ఇంట్లో ఎవరమూ అనలేదు. అమ్మ పొట్టి అన్నాం. చెల్లెలితో నేనన్నదీ అలాంటి మాటే.

మొన్న తనే ఫోన్ చేసింది. ఐదో కథలో ఉందట. పక్కలకి లాగే పని లేదు, ఒక్క వేలితో కిందికి జరుపుకుంటూ చదువుతోంది.