బ్రేక్ వద్దు బావా!

డాలస్ నుంచి టెక్సోమా సరస్సుకి, మా ఎస్‌యూవీ వెనక తొలిసారి పడవ కట్టుకుని బయల్దేరాం. బండి 5,000 పౌండ్లు లాగుతుంది. పడవ, ట్రైలర్, సామాను కలిపినా 4,000 దాటదు. ఇంకేం భయం అనుకున్నా.

హైవే మీద 65 మైళ్ల వేగం అందుకోగానే ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. కారు కూడా ఊగుతోంది. వెనక సీట్లో పాప. నా కాలు బ్రేక్ మీదకి పోబోయింది.

"బ్రేక్ వద్దు బావా!" పక్కనున్న బామ్మర్ది అరిచాడు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి మెల్లగా కాలు తీశా. ఊపు తగ్గింది.

ఆపి చూస్తే తప్పు నాదే. ఐస్‌బాక్సులు, సామానంతా పడవ వెనక భాగంలో పడేశా. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కారు హిచ్ మీద పడాలి. లేకపోతే ఇలాగే ఊగుతుంది. సామాను ముందుకి జరిపి, 55 దాటకుండా వెళ్లాం.

ఎంత బరువు లాగొచ్చో తెలుసుకున్నా గానీ, ఆ బరువు ఎక్కడుండాలో ఎవర్నీ అడగలేదు.