దుబాయ్ నుంచి వచ్చిన తమ్ముడు

'జాతిరత్నాలు' సినిమా మా ఇంట్లో కనీసం ఐదారుసార్లు చూసుంటాం. 2021లో శివరాత్రికి విడుదలైందది. కరోనాతో అందరి ముఖాలూ వాడిపోయి ఉన్న రోజుల్లో జనాన్ని మళ్లీ థియేటర్లకు రప్పించి కడుపుబ్బ నవ్వించింది. జోగిపేట నుంచి హైదరాబాదు వచ్చిన ముగ్గురు కుర్రాళ్లు చెయ్యని నేరానికి జైలు పాలవుతారు. కోర్టులో జడ్జి వేషం వేసిన బ్రహ్మానందాన్ని ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగిస్తారు. కిందటేడు వరకూ నాకది నవ్వుల సినిమా మాత్రమే.

మా చిన్నమ్మ కొడుకు ఒకడున్నాడు. "రాయక్కా, పేరు మాత్రం వద్దు" అని వాడే ఒప్పుకున్నాడు కాబట్టి ఇది రాస్తున్నాను. ఒక చిట్టీల కంపెనీలో వసూళ్ల పని చేసేవాడు. యజమాని రాత్రికి రాత్రే కనబడకుండా పోయాడు. జనం చేతుల్లో ఉన్న రసీదుల మీద సంతకాలు మావాడివి. ఇంకేముంది, కేసులో వాడి పేరూ చేరింది. నాలుగు నెలలు చంచల్‌గూడ జైల్లో ఉండి బెయిలు మీద బయటికొచ్చాడు. సూర్యాపేట పోవడానికి ముఖం చెల్లక మా ఇంటికొచ్చాడు.

మాది చైతన్యపురి. ఇటు దిల్‌సుఖ్‌నగర్ దాటి మలక్‌పేట వైపు పోతే చంచల్‌గూడ జైలు. అటు ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులు. మధ్యలో మా ఇల్లు. వాడి బతుకు కూడా అప్పుడు సరిగ్గా అలాగే మధ్యలో ఉంది.

వాడు వచ్చిన మర్నాడే పై పోర్షన్ ఆంటీ మెట్ల దగ్గర ఆపి "ఎవరమ్మా ఆ అబ్బాయి?" అని అడిగారు. నా నోటికి ఏమొచ్చిందో తెలుసా? "మా తమ్ముడాంటీ. దుబాయ్ నుంచి వచ్చాడు."

బీఏ తెలుగు చదువుకున్నదాన్ని, కథ అల్లడం ఆ మాత్రం రాదా అనుకున్నాను. కానీ అబద్ధం అన్నాక దానికి సామగ్రి కూడా కావాలి కదా! దుబాయ్ నుంచి వచ్చినవాడు ఖాళీ చేతులతో వస్తాడా? సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కిలో ఖర్జూరం కొని, స్టీలు డబ్బాలో పోసి ఆంటీకి ఇచ్చి వచ్చాను. ఆ రాత్రి మావారు నవ్వారు గానీ వాడు నవ్వలేదు. "అక్కా, నేను దుబాయ్‌లో ఏం పని చేశాను? ఎవరైనా అడిగితే చెప్పాలి కదా" అన్నాడు. నా తల దించుకుపోయింది.

జైలు నుంచి వచ్చినవాళ్లకు ఏం కష్టం, ఇంటి తిండి తిని హాయిగా పడుకుంటారు అనుకునేదాన్ని. వాడికి ఇంటి తిండే కష్టమైంది. అక్కడ సాయంత్రం ఐదింటికల్లా భోజనం పెట్టేస్తారట. మా ఇంట్లో తొమ్మిది దాటితే గానీ కంచాలు లేవవు. పాపం, ఐదింటి నుంచీ వంటింటి వైపు చూసేవాడు, అడిగేవాడు కాదు. అక్కడ రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుందట. ఇక్కడ చీకట్లో నిద్ర పట్టక హాల్లో లైటు వేసుకుని పడుకునేవాడు. మావారు కరెంటు బిల్లు చూసి మూలిగారు గానీ, లైటు మాత్రం ఆర్పలేదు. అన్నిటికంటే నన్ను కలచివేసింది ఇంకొకటి. గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాడు. తలుపుకు గడియ కూడా ఉండేది కాదు, దగ్గరగా వేసి ఉండేది, అంతే. అయినా ఎవరో వచ్చి తీస్తారన్నట్టు నిలబడేవాడు.

ఒక ఆదివారం ఆంటీ, ఆవిడ మనవడు మా ఇంటికి వచ్చారు. మావాడు ఆ పిల్లాడికి లెక్కలు చెప్తుండేవాడు. మా అమ్మాయి టీవీ పెట్టి 'జాతిరత్నాలు' వెతికింది. తెర మీద ఆ సినిమా బొమ్మ వచ్చింది. ముగ్గురూ తెల్లటి ఖైదీ బట్టల్లో, ఛాతీల మీద నంబర్లతో.

"వీళ్లకింకా శిక్ష పడలేదు కదా, ఆ బట్టలు ఇవ్వరు. విచారణ ఖైదీలకు మన బట్టలే" అన్నాడు మావాడు, టీ తాగుతూ.

"నీకెలా తెలుసు నాయనా?" అన్నారు ఆంటీ.

నేను బిస్కెట్ల ప్లేటు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాను. వాడు కప్పు కింద పెట్టి "నాలుగు నెలలు ఉన్నానాంటీ, చంచల్‌గూడలో" అన్నాడు.

ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయికి ఏం తోచిందో, సినిమా మొదలుపెట్టేసింది. కోర్టు సీను వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వలేదు. ఆ సీన్లో ముందు నవ్వింది వాడే. వాడు కళ్ల నీళ్లు వచ్చేలా నవ్వుతుంటే మాక్కూడా ఆగలేదు. సినిమా అయ్యాక చెప్పాడు, "నిజం కోర్టులో మనల్ని ఒక్క మాట కూడా అడగరు బావా. పేరు పిలుస్తారు, వాయిదా వేస్తారు, నిమిషంలో అయిపోతుంది. నాకు రెండుసార్లు నా పేరు కూడా సరిగా వినపడలేదు" అని. దేశంలోని జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఇలా తీర్పు రాకుండా ఎదురుచూస్తున్నవాళ్లేనట. 2022 నాటి లెక్కలు అదే చెప్తున్నాయి.

ఆ రాత్రి ఫోన్లో అమ్మతో చెప్తే 'దొంగరాముడు' గుర్తు చేసింది. 1955లో వచ్చిన కె.వి.రెడ్డి సినిమా, అన్నపూర్ణా వాళ్ల మొదటి సినిమా. పిల్లవాడు తల్లి జబ్బుకు మందు దొంగిలించి పట్టుబడతాడు. "పాపం, వాడు చేసింది ఎందుకో అందరికీ తెలుసు. అయినా పేరుకు ముందు ఆ మాట పోయిందా?" అంది అమ్మ. నేనేం చేశాను? ఆ మాట వాడికి అంటకూడదని దుబాయ్ తగిలించాను. రెండూ తగిలించడమే కదా.

తర్వాత ఒకరోజు స్కూటీ మీద వెళ్తుంటే "అక్కా, ఇక్కడ పోయించుకుందాం" అని చంచల్‌గూడ దగ్గర జైళ్ల శాఖ వాళ్ల పెట్రోలు బంకులోకి తిప్పించాడు. అక్కడ పని చేసేవాళ్లలో ఖైదీలు, శిక్ష పూర్తయి బయటికి వచ్చినవాళ్లు ఉంటారు. 2024 జూలైలో మన ప్రభుత్వం 213 మంది ఖైదీలను సత్ప్రవర్తన మీద వదిలిపెట్టినప్పుడు కూడా కొందరికి ఈ బంకుల్లోనే పని చూపించారు. పెట్రోలు పోసే అతను మావాణ్ణి చూసి "ఎట్లున్నవ్ అన్నా?" అన్నాడు. "మంచిగున్న" అన్నాడు వీడు. మా ఇంట్లో అన్ని రోజులుగా ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదని నాకప్పుడు తట్టింది. తిన్నావా, పడుకున్నావా, వాయిదా ఎప్పుడు, ఇవే అడిగాం.

అంతా బాగైపోయిందని చెప్పను. కింది పోర్షన్ వాళ్లు మా అమ్మాయితో వాళ్ల పిల్లల్ని ఆడుకోనివ్వడం తగ్గించారు. ఒక షాపులో పని కుదిరినట్టే కుదిరి, కేసు సంగతి తెలియగానే పోయింది. ఎల్బీనగర్ కోర్టుకు వాయిదాలకు వెళ్తూనే ఉన్నాడు. సినిమా రెండున్నర గంటల్లో తేలిపోతుంది, మాది ఇంకా తేలలేదు.

పై ఆంటీ మాత్రం ఆ ఆదివారం తర్వాత నాలుగు రోజులు కనబడలేదు. మనవణ్ణీ పంపలేదు. ఇంక అంతేలే అనుకున్నాను. ఐదో రోజు సాయంత్రం నా స్టీలు డబ్బా నిండా సకినాలు పోసుకుని దిగి వచ్చారు. వెనకాలే పిల్లాడు, చేతిలో లెక్కల పుస్తకం.

డబ్బా నా చేతిలో పెట్టి "ఖర్జూరం బాగుందమ్మా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కొట్లో కొన్నావు?" అన్నారు.

లోపలి నుంచి వాడి నవ్వు వినపడింది.