పుల్లీ ఊగుతోంది... వెల్డింగ్ కొట్టేద్దామా?

కోడ్‌లో ఎక్కడో ఎర్రర్ వస్తోంది. ఎందుకో తెలీదు. సాయంత్రానికి రిలీజ్. చుట్టూ ఒక ట్రై-క్యాచ్ పెట్టి, క్యాచ్‌లో ఏమీ రాయకుండా వదిలేసే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఎర్రర్ కనపడదు కాబట్టి లేనట్టే! లారీ షెడ్లలోనూ దీనికి అన్నదమ్ముడి లాంటి పనొకటుంది. ఊగుతున్న పుల్లీకి వెల్డింగ్ కొట్టెయ్యడం.

మా మావయ్యది అమలాపురం పక్కన బండారులంక. ఊరికి చేనేత చీరల వల్ల పేరు గానీ, ఆయనది మాత్రం కొబ్బరికాయల కిరాయి. అంబాజీపేటలో లోడెత్తి, రావులపాలెం దగ్గర హైవే ఎక్కే పాత లారీ, 6 సిలిండర్ల ఇంజిన్. క్రాంక్ షాఫ్ట్ కొసన ఉండే పెద్ద పుల్లీ ఈమధ్య అష్టవంకర్లు తిరగడం మొదలెట్టింది. కొత్తగా వేసిన ఫ్యాన్ బెల్టు నెల తిరక్కుండానే అంచులు చివికిపోయింది. "కొత్త పుల్లీ ఎందుకురా, నాలుగు చుక్కలు వెల్డింగ్ పెట్టిస్తే బిగిసిపోద్ది" అన్నాడు మావయ్య.

మేస్త్రి ఒప్పుకోలేదు. "ఏది ఊగుతుందో చూడకుండా ఎలాగండీ? ఉండండి, చూద్దాం."

ముందు బెల్టు విప్పేశాడు. వాటర్ పంపు పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశాడు, లూజు లేదు. డైనమో పుల్లీ కూడా బాగానే ఉంది. బెల్టు లేకుండానే ఇంజిన్ ఓ 30 సెకన్లు తిప్పాడు. వాటర్ పంపు తిరగదు కాబట్టి అంతకన్నా ఎక్కువసేపు నడపకూడదు. ఊగడం ఆగలేదు. అంటే తప్పు క్రాంక్ పుల్లీ వైపే.

ఇంజిన్ ఆపి, మధ్యలో ఉండే హబ్బు మీంచి బయటి రింగు దాకా చాక్‌పీసుతో ఒకే గీత గీశాడు. మళ్ళీ కాసేపు తిప్పి ఆపితే గీత రెండు ముక్కలైంది. హబ్బు మీద ముక్క ఒకచోట, రింగు మీద ముక్క రెండు వేళ్ళ అవతల! తర్వాత ఒక గట్టి తీగని ఇంజిన్‌కి కట్టి, దాని కొసని పుల్లీ దగ్గరగా ఉంచి, చేత్తో మెల్లగా తిప్పించాడు. హబ్బు దగ్గర ఖాళీ మారలేదు, రింగు దగ్గర మారుతోంది. మధ్య బోల్టు బిగుతు చూశాడు, సరిగానే ఉంది. అంటే షాఫ్టు వంగలేదు, హబ్బు దాని మీద సరిగానే కూర్చుంది. హబ్బుకీ రింగుకీ మధ్య ఉన్న రబ్బరు ఊడింది.

ఆ రబ్బరు ఎందుకుందో తెలిస్తే వెల్డింగ్ సంగతి అర్థమవుతుంది. 6 సిలిండర్ల ఇంజిన్లో చుట్టుకి 3 పేలుళ్ళు. నిమిషానికి 1500 చుట్లు అనుకుంటే సెకనుకి 75 దెబ్బలు. ఒక్కో దెబ్బకీ పొడవాటి క్రాంక్ షాఫ్టు కొద్దిగా మెలితిరిగి మళ్ళీ వెనక్కొస్తుంది. కొన్ని వేగాల దగ్గర ఆ మెలికలు ఒకదానికొకటి తోడై పెరిగిపోతాయి. బరువైన రింగు రబ్బరు మీద కంటికి కనపడనంత కదులుతూ ఆ ఊపుని మింగేస్తుంది. దీన్నే డ్యాంపర్ అంటారు. బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ఈ సమస్యకి 20వ శతాబ్దం మొదట్లోనే డ్యాంపర్ తయారుచేశాడు.

అంటే ఆ రింగు పనే కొంచెం కదలడం! వెల్డింగ్ పెడితే పుల్లీ చక్కగా తిరుగుతుంది, బెల్టు కూడా నిలబడుతుంది. అందరం సంతోషం. లోపల మాత్రం షాఫ్టు ప్రతి దెబ్బనీ తనే తింటుంది. ఏదో ఒకరోజు పగులు పుట్టి, లోడుతో రోడ్డు మీద ఉన్నప్పుడు విరుగుతుంది. పుల్లీ ఖర్చు ఎక్కడ, క్రాంకు ఖర్చు ఎక్కడ!

"రెండు ట్రిప్పుల డబ్బులు పోయినట్టే" అని సణుక్కుంటూనే మావయ్య కొత్త డ్యాంపర్ తెప్పించాడు. మేస్త్రి అక్కడితో ఆగలేదు. పాతది ఊడదీశాక దాని వెనక ఆయిల్ సీల్ కారుతున్నట్టు చూపించాడు. నూనె తగిలీ తగిలీ రబ్బరు మెత్తబడిందన్నమాట. సీల్ మార్చకుండా పుల్లీ ఒక్కటే మారిస్తే మళ్ళీ ఇదే కథ. రెండూ మార్పించాం.

మీ ఇళ్ళలో ఎవరికైనా పాత లారీయో బస్సో ఉండి, ముందు పుల్లీ ఊగుతోందంటే, వెల్డింగ్ షాపుకి వెళ్ళేముందు ఒక చాక్‌పీసు కొనమనండి.